మంచి ముక్కలు

చెడ్డ ముక్కలు పడితే కింద పెట్టేయడం ఎవరికైనా చేతనవుతుంది. అందులో తెలివీ లేదు, ధైర్యమూ లేదు. మంచి ముక్కలు పడినప్పుడు కింద పెట్టేయడమే కష్టం. పేకాటలో మనిషి గుణం బయటపడేది అక్కడేనని నా అభిప్రాయం.

ముప్పై యేళ్ళపాటు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి పేకాట మీద అభిప్రాయాలేమిటని మీరు అడగవచ్చు. అడగవలసిన మాటే. మా ఇంట్లో పేక కట్ట ఉండేది కాదు. దసరా సెలవుల్లో పిల్లలు, "గాడిదాట ఆడుకుంటామమ్మా, డబ్బులేమీ పెట్టం" అని బతిమాలినా నేను ఒప్పుకున్నదాన్ని కాను. గవ్వలిచ్చి అష్టాచెమ్మా ఆడుకోమనేదాన్ని. అటువంటి నేను 2024 వేసవిలో, డెబ్బయ్యో యేట, లాస్‌వేగాస్ నగరంలో ఒక పోకర్ టోర్నమెంటు జరుగుతూంటే తాడుకు ఇవతల నిలబడి మూడు గంటలసేపు చూశాను. ఎందుకు చూశానో, ఏం చూశానో చెబుతాను.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. కంప్యూటర్ల ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. సిగరెట్టు ముట్టడు. ఏడాదికి మూడు నాలుగుసార్లు పోకర్ టోర్నమెంట్లకు వెళ్తాడన్న సంగతి నాకు కోడలు చెప్పింది. ఫిర్యాదుగా చెప్పలేదు. ఇడ్లీ పిండి కలుపుతూ, "వచ్చే శనివారం ఆయన ఉండరత్తయ్యగారూ, పోకర్‌కి వెళ్తున్నారు" అని, సంగీతం కచ్చేరీకి వెళ్తున్నారన్నంత తేలిగ్గా చెప్పింది. నాకు మాత్రం గుండె ఝల్లుమంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. "ఇప్పటికి ఎంత పోగొట్టావురా?"

వాడు నవ్వి, "ఏడాదికి ఇంతని పక్కన పెట్టుకుంటానమ్మా. అది అయిపోతే ఆ యేటికి ఆట లేదు. లెక్క నీ కోడలే రాస్తుంది" అన్నాడు. కోడలు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మూడేళ్ళ జమాఖర్చు. రెండేళ్ళు నష్టం, ఒక యేడు లాభం. అన్నీ కలిపితే కొద్దిగా నష్టమే. దాచిపెట్టినదేమీ లేదు.

అయినా నేను ఊరుకోలేదు. "జూదం జూదమే నాయనా. ధర్మరాజంతటివాడు ఏమయ్యాడో తెలుసుగా" అన్నాను.

"ధర్మరాజుకు పందెం ఎక్కడ ఆగుతుందో ముందు తెలియదు. అదే ఆయన్ని ముంచింది. టోర్నమెంటులో నేను పోగొట్టుకునేది ఎంతో లోపలికి అడుగు పెట్టకముందే తెలుసు. ఆ ప్రవేశ రుసుముకు మించి ఒక్క డాలరు కూడా పోదు" అన్నాడు.

ఇక్కడ ఆ ఆట సంగతి కాస్త చెప్పాలి. పోకర్‌లో ఇప్పుడు ఎక్కువమంది ఆడే రకంలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు, విడతలు విడతలుగా తెరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన అయిదు ఎవరివో వారిది గెలుపు. ముక్కలు చూడకముందే ఇద్దరు చొప్పున వంతులవారీగా కట్టి తీరవలసిన పందేన్ని బ్లైండు అంటారు. టోర్నమెంటులో అందరూ ఒకే రుసుము కట్టి, సమానంగా చిప్స్ తీసుకుంటారు. ఆ చిప్స్‌ని డబ్బుగా మార్చుకోవడానికి వీల్లేదు. అవి అయిపోయినవాడు లేచి వెళ్ళిపోవాలి. చివరిదాకా మిగిలినవారికి వరసన బహుమతులు.

ఇందులోని అసలు ముడి ఆ 'వరసన' అన్న మాటలో ఉంది. లాస్‌వేగాస్‌లో బెన్నీ బినియన్ అనే కేసినో యజమాని 1970లో ప్రపంచ పోకర్ పోటీలు మొదలుపెట్టాడు. 1972 నుంచి ప్రధాన పోటీకి రుసుము పదివేల డాలర్లు. ఈనాటికీ అంతే. మొదటి రోజుల్లో గెలిచినవాడే మొత్తం తీసుకునేవాడు. రెండోవాడికి దక్కేది సున్న. 1978లో మొదటిసారిగా బహుమతిని మొదటి అయిదుగురికి పంచారు. తరవాత ఆ వరస పెరుగుతూ వచ్చింది. 2003లో 839 మంది ఆడితే, టెనెసీ రాష్ట్రంలో లెక్కల గుమాస్తాగా పనిచేసే క్రిస్ మనీమేకర్ పాతిక లక్షల డాలర్లు గెలిచాడు. నూరు డాలర్లకు లోపు రుసుముతో చిన్న పోటీ ఒకటి గెలిచి, దానిద్వారా పెద్ద పోటీకి వచ్చినవాడతను. ఆ తరవాత జనం తండోపతండాలుగా వచ్చిపడ్డారు. 2023లో ఆడినవారు 10,043 మంది. వారిలో 1,507 మందికి బహుమతులు. అందరికంటె చిన్న బహుమతి పదిహేనువేల డాలర్లు.

ఆ 1,507 మంది తరవాతివాడి సంగతి ఆలోచించండి. రోజుల తరబడి ఆడి, ఎనిమిదిన్నరవేలమందిని దాటి వచ్చి, గుమ్మం ముందు జారిపడి ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. బహుమతికి ఒక్క మెట్టు కింద ఉన్న ఆ చోటుకు 'బబుల్' అని పేరు. మన మాటలో బుడగ. ఆ ఒక్కడూ లేచిపోతే బుడగ పగిలిందంటారు. మిగిలినవారంతా చప్పట్లు కొడతారు. పాపం, అతని దుఃఖం చూసి జాలిపడి, కొన్నేళ్ళలో ఆ ఒక్కడికీ మరుసటి యేటి పోటీకి ఉచితంగా చోటిచ్చారు కూడా.

"గెలిచినవాడికే అంతా అయితే బుడగే లేదమ్మా. అప్పుడు మంచి ముక్క పడితే కళ్ళు మూసుకుని ఆడేయవచ్చు. బహుమతులు పంచడం మొదలైన రోజునే ఈ బాధా పుట్టింది" అన్నాడు మా అబ్బాయి.

ఇంతవరకూ వాడు చెప్పాడు. తరవాత నేను చెప్పాను. వాడికి ఎన్నడూ చెప్పని సంగతి అది.

మా నాన్నగారు మూడుముక్కలాట ఆడేవారు. రోజూ కాదు; పండగల్లో, పెళ్ళిళ్ళ విడిదిలో. తాగేవారు కాదు, అబద్ధమాడేవారు కాదు. నాకు పదేళ్ళప్పుడు ఒక సంక్రాంతి రాత్రి ఆయనకు మూడు జాకీలు పడ్డాయి. ఒకే రకం ముక్కలు మూడూ పడడం 425 ఆటలకు ఒకసారి జరుగుతుంది. ఈ లెక్క నేను కాలేజీలో చదివేటప్పుడు కట్టి చూసుకున్నాను. జేబులో డబ్బు అయిపోయింది. ఎదుటివాడు పెంచుతూ పోయాడు. ఆయన కాగితం రాసి ఇచ్చారు. కాలవ కింద ఎకరంన్నర మాగాణి. ఎదుటివాడు మూడు రాణులు తిప్పాడు.

ఆ తరవాత మా అమ్మ గాజులు, ఆపైన కాసులపేరు, మా చదువుల ఫీజులకింద వెళ్ళిపోయాయి. నాన్నగారు మరి ఇరవై యేళ్ళు బతికారు. మళ్ళీ పేక ముట్టలేదు. కాని ఆ మాట వచ్చినప్పుడల్లా, "ముక్కలు మంచివేనమ్మా. మూడు జాకీలు పడితే ఎవడు కింద పెడతాడు?" అనేవారు. ఆ గొంతులో విచారం ఉండేది కాదు, ఒక విధమైన గర్వం ఉండేది. చిన్నతనంలో నన్ను భయపెట్టింది పోయిన పొలం కాదు, ఆ గర్వం.

మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఒకసారి నువ్వే వచ్చి చూడమ్మా. మీ నాన్నగారి మొహం నాలో కనిపిస్తే చెప్పు. ఆ రోజుతో ఆఖరు. మళ్ళీ అడగను" అన్నాడు.

వాడు మాట ఇస్తే తప్పడు. అందుకని నేను వెళ్ళడానికి ఒప్పుకున్నాను. ఊరికే ఒప్పుకోలేదు, ఆట తెలియకుండా చూసి ప్రయోజనమేమిటని, బయలుదేరేలోగా లెక్క నేర్పమన్నాను. రెండు వారాలు నేర్పాడు. క్యాలెండరు కాగితాల వెనక నేను కట్టిన లెక్క ఒకటి మీకు చెబుతాను. పెద్ద క్లాసు పిల్లలకు అర్థమయ్యే లెక్కే.

నలుగురు మిగిలారనుకోండి. నలుగురి దగ్గరా సమానంగా చిప్స్. బహుమతులు మూడు: యాభై రూపాయలు, ముప్పై, ఇరవై. నాలుగోవాడికి ఏమీ లేదు. అందరూ సమానులే కనక ఒక్కొక్కరి చోటు విలువ పాతిక రూపాయలు. ఇప్పుడు ఎదుటివాడు తన చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. మీరూ అన్నీ తోశారు. ఓడిపోతే సున్న. గెలిస్తే? చిప్స్ రెట్టింపయ్యాయి కనక విలువ యాభై అవుతుందని ఎవరైనా అంటారు. కాదు. ముగ్గురు మిగిలారు; సగం చిప్స్ మీవి. మొదటి బహుమతి రావడానికి సగం అవకాశం, అంటే పాతిక రూపాయలు. రెండోది రావడానికి మూడోవంతు, అంటే పది రూపాయలు. మూడోది రావడానికి ఆరోవంతు, అంటే మూడు రూపాయల ముప్పైమూడు పైసలు. మొత్తం ముప్పైఎనిమిది రూపాయల ముప్పైమూడు పైసలు.

చూశారా! పోతే పోయేది పాతిక. వస్తే వచ్చేది పదమూడు రూపాయల చిల్లర. నూటికి యాభై ఒక్కసారి గెలిచే ముక్కలుంటే చాలదు. నూటికి అరవై అయిదుసార్లకు పైగా గెలిచే ముక్కలు ఉండాలి. చేతిలో ముక్కలు మారలేదు, ఎదుటివాడూ మారలేదు. మన ముందు సున్న అనే గొయ్యి ఉండడంవల్ల ఆ ముక్కల ఖరీదు పడిపోయింది. ఈ లెక్కకు మూలం 1973లో డేవిడ్ హార్విల్ అనే పండితుడు గుర్రప్పందేల విషయంలో ఇచ్చిన సూత్రం. మేసన్ మాల్మూత్ అనే రచయిత 1987లో దాన్ని పోకర్ టోర్నమెంట్లకు పట్టించాడు. ఆటగాళ్ళు దీన్ని ఐ.సి.ఎం. అంటారు.

ఇంకొకటి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. కొన్ని చిన్న పోటీలలో బహుమతులకు హెచ్చుతగ్గులుండవు. మొదటి పదిమందికీ పెద్ద పోటీలో తలా ఒక చోటు, అంతే. పదకొండుమంది మిగిలారు; మీ దగ్గర గుట్టగా చిప్స్ ఉన్నాయి; ఇద్దరు ముగ్గురి దగ్గర ఒకటి రెండు బ్లైండ్లకు మించి లేవు. ఏమీ ఆడకుండా కూర్చున్నా మీ చోటు నూటికి తొంభైఎనిమిది పాళ్ళు ఖాయం. అప్పుడు మీకు రెండు ఆసులు పడ్డాయి. ఇంతకంటె గొప్ప ముక్కలు ఈ ఆటలో లేవు. మీ అంత గుట్ట ఉన్నవాడు అన్నీ తోశాడు. రెండు ఆసులు కూడా ఒక్క మనిషి మీద సగటున నూటికి ఎనభైఅయిదుసార్లే గెలుస్తాయి. తొంభైఎనిమిదిని వదిలి ఎనభైఅయిదు కోసం పరిగెత్తడం ఎందుకు? ఆసులు రెండూ కింద పెట్టి మంచినీళ్ళు తాగడమే సరైన ఆట. ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

లాస్ ఏంజెలెస్ దగ్గర వాళ్ళుండే ఊరినుంచి లాస్‌వేగాస్‌కు కారులో అయిదు గంటలు పట్టింది. దారంతా ఎడారి. కోడలూ పిల్లలూ ఇంటి దగ్గరే ఉన్నారు. ఆట ఉదయం మొదలైంది. నేను మధ్యాహ్నమంతా గదిలో పడుకుని, సాయంత్రం నాలుగింటికి కిందికి దిగాను. పెద్ద హాలు. ఇంత చల్లగా ఎందుకుంచుతారో గాని, శాలువా కప్పుకోవలసి వచ్చింది. గోల ఉంటుందనుకున్నాను, లేదు. వందలకొద్దీ చేతులు చిప్స్‌ని పైకి తీసి కిందికి వదిలే చప్పుడు మాత్రం, చింతగింజలు చాటలో పోసి చెరిగినట్టు, ఎడతెగకుండా వినిపిస్తోంది.

మూడువందలమందికి పైగా మొదలుపెట్టారు. బహుమతులు 45 మందికి. నేను వెళ్ళేసరికి అరవైమంది దాకా ఉన్నారు. రెండు గంటలు గడిచేసరికి 46కు వచ్చారు. ఇక ఒక్కడు పోవాలి. అప్పుడు మైకులో ఏదో చెప్పారు. అన్ని బల్లలమీదా ఒకేసారి ఒక్క ఆట పంచుతారు. అది అన్నిచోట్లా ముగిసేదాకా ఎవరికీ రెండో ఆట పంచరు. ఎందుకంటే ఒక బల్లవాళ్ళు నానబెట్టి కూర్చుంటే, ఈలోగా పక్క బల్లలో ఎవరో ఒకరు పోతారు కదా! మనుషులు అటువంటివారని ముందే తెలిసి పెట్టిన నియమం అది.

అప్పుడు నేను మొహాలు చూశాను. నాకు పేకముక్కలు కనిపించవు, మొహాలే కనిపిస్తాయి. కొండంత చిప్స్ పెట్టుకున్న ఒక కుర్రవాడు ప్రతి ఆటలోనూ పందెం పెంచుతున్నాడు, తక్కినవాళ్ళు కింద పెట్టేస్తున్నారు. నాలుగైదు చిప్స్ మిగిలిన ఒక ముసలాయన హాయిగా కాఫీ తాగుతున్నాడు. పోయేదేముంది ఆయనకు? ముఖాలు పీక్కుపోయినవాళ్ళంతా మధ్యవాళ్ళు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. పెద్దవాడితో తలపడితే ఇంతదూరం కూడబెట్టింది ఒక్క ఆటలో పోతుంది. కదలకుండా కూర్చుందామంటే బ్లైండ్లూ, దానితో కట్టే వంతూ కలిసి చుట్టుకు రెండున్నర బ్లైండ్లు తినేస్తున్నాయి. తొమ్మిది ఆటలకు ఒక చుట్టు. మంచి ముక్కలు పారెయ్యవలసిన అవసరం అందరికంటె ఎక్కువగా వీళ్ళకే ఉంది. అది పెద్దవాడికి తెలుసు. తెలిసే వాళ్ళ భయం మీద పందెం కాస్తున్నాడు.

నాకు నవ్వు వచ్చింది. లాస్‌వేగాస్ దాకా వచ్చి నేను చూస్తున్నది మన మధ్యతరగతి సంసారమే!

మా అబ్బాయి ఆ మధ్యవాళ్ళలో ఒకడు. వాడి దగ్గర ఇరవైనాలుగు బ్లైండ్ల చిప్స్ ఉన్నట్టు తరవాత చెప్పాడు. ఒక ఆటలో, వాడికి ఎడమపక్కన రెండు కుర్చీల అవతల కూర్చున్న మనిషి, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి, చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. వాడికంటె ఎక్కువే ఉన్నాయి. మిగిలినవాళ్ళందరూ కింద పెట్టేశారు. ఇక మావాడి వంతు.

వాడు తన ముక్కలు ఇంకోసారి చూసుకున్నాడు. కింద పెట్టి, వాటిమీద అరచెయ్యి ఉంచాడు. ఎదుటివాడి మొహం చూడలేదు. తల తిప్పి పక్క బల్లలవైపు చూశాడు. ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో లెక్క చూస్తున్నాడని నాకు తెలిసింది. ముసలాయనవైపు చూశాడు. ఆయనకు బ్లైండు రావడానికి ఇంకా ఎన్ని ఆటలున్నాయో చూశాడు. నిమిషం గడిచింది, రెండో నిమిషమూ గడిచింది. హాలంతా వీళ్ళ బల్లకోసం ఆగి ఉంది. నేను వాడి కంఠం చూస్తున్నాను. మా నాన్నగారికి మంచి ముక్క పడితే కంఠం దగ్గర నరం ఒకటి కొట్టుకునేది. మా అమ్మ దాన్ని దూరంనుంచే పోల్చుకునేది. నేను శాలువా అంచు గుప్పిట్లో పట్టుకున్నాను.

వాడు రెండు ముక్కలూ మెల్లగా ముందుకు జరిపి వదిలేశాడు. పంచేవాడు తీసుకుని కట్టలో కలిపేశాడు. అంతే. పెద్దమనిషి కూడా తనవి చూపించకుండా తిరిగి ఇచ్చేశాడు.

మూడు ఆటలు గడిచాయి. ముసలాయనకు బ్లైండు వచ్చింది. ఉన్నవన్నీ దానికే చాలీచాలకుండా సరిపోయాయి. ఓడిపోయి లేచాడు. బుడగ పగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. తరవాత మావాడు మరి గంటన్నర ఆడి, 29వ వాడుగా బయటికి వచ్చాడు. కట్టిన రుసుముకు రెట్టింపు పైన కొంచెం చేతికి వచ్చింది. నా దగ్గరికి వచ్చి, "కాళ్ళు నొప్పెట్టాయా అమ్మా? ఏమైనా తిందాం పద" అన్నాడు.

దోసె దొరికే చోటు ఒకటి వెతికి తీసుకుపోయాడు. అక్కడ అడిగాను. "ఇందాక నువ్వు కింద పెట్టిన ముక్కలేమిటి?"

"రెండు రాణులు."

ఫలానా రెండు ముక్కల జత 221 ఆటలకు ఒకసారి పడుతుంది. రెండు రాణులకంటె పైవి రాజుల జత, ఆసుల జత, ఈ రెండే. "మంచి ముక్కలు కదురా!" అన్న మాట నా నోటినుంచి రానే వచ్చింది. ఎవరి మాట అంటున్నానో తెలిసి నాలుక కరుచుకున్నాను.

వాడు కాగితం రుమాలు మీద రాసి చూపించాడు. "పెంచుతూ ఉన్న ఆ కుర్రవాడే తోసి ఉంటే నేను తప్పకుండా ఆడేవాణ్ణి. వాడు ఏ ముక్కతోనైనా తోస్తాడు. ఈ పెద్దాయన గంటన్నరలో రెండే ఆటలు ఆడాడు. ఆయన తోశాడంటే పదుల జత మొదలు ఆసుల జతదాకా ఏదో ఒకటి, లేదా ఆసూ రాజూ. వాటన్నిటిమీదా కలిపి నా రాణులు గెలిచేది నూటికి యాభైరెండుసార్లు. అక్కడ నాకు కావలసింది సుమారు అరవై. ఆ ముసలాయనకు మూడు ఆటల్లో బ్లైండు వస్తోంది. ఇంకేం చెయ్యను?"

"రాజుల జత అయితే?"

"ఆడేవాణ్ణేమో. ఇంకో నిమిషం ఆలోచించేవాణ్ణి."

"ఆసులైతే?"

"ఆలోచించేవాణ్ణి కాదు. బహుమతులు మెట్లుమెట్లుగా ఉన్న ఆటలో ఆసులు పారేస్తే, ఆ పారేసినవాడు భయంతో ఆడుతున్నాడన్నమాట. కిందిమెట్టుకోసం పైమెట్లన్నీ వదులుకోవడం కూడా నష్టమే కదమ్మా."

"ఆయన దగ్గర ఏమున్నాయో తెలుసుకోవాలని లేదా నీకు?"

వాడు దోసె తుంచుతూ, "ఉంది. కాని తెలిసినా లెక్క మారదు. పదుల జత అయినా నేను చేసింది సరే, ఆసుల జత అయినా సరే" అన్నాడు.

నేను ఈ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. మా నాన్నగారు జీవితమంతా రెండు సంగతులే చూశారు: నా ముక్కలేమిటి, ఎదుటివాడి ముక్కలేమిటి. నిజానికి ముక్కలవరకు ఆయన మాట తప్పు కాదు. మూడు జాకీలు ఎవరూ కింద పెట్టరు. కాని ఆ ముక్కలమీద ఏమి పెడుతున్నాం, అది పోతే వెనక ఎవరు ఏమవుతారు అన్న మూడో ప్రశ్న ఒకటుంది. జేబులో పది రూపాయలమీద మంచి ముక్కలు, ఎకరంన్నర మాగాణి మీద అంత మంచి ముక్కలు కావు. ఈ మాట మా అమ్మకు తెలుసు. ఆవిడ ఎన్నడూ పేక ముట్టలేదు, అందుకని ఆవిడ మాట ఎవరూ వినలేదు.

అక్కడినుంచి బయలుదేరే ముందు నా తీర్పు చెప్పాను. "మానెయ్యమని అడగను. మీ తాతగారి మొహం నాకు కనిపించలేదు. కాని ఆ పుస్తకం రాయడం మాత్రం ఒక్క నెల కూడా మానవద్దు. నీ కోడలు కాదు, నీ భార్య రాయాలి, నువ్వు కాదు" అని తికమకగా చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పటికీ నెల మొదటి ఆదివారం ఫోనులో ఆ పుస్తకం పేజీ నాకు చూపించవలసిందే. అది నా షరతు.

ఇది చదివి ఎవరైనా పేక కట్ట కొనుక్కుంటారేమోనని నాకు భయంగా ఉంది. దయచేసి అలా చేయకండి. మన ఊళ్ళలో ఇళ్ళు కూల్చినది రుసుము కట్టి ఆడే టోర్నమెంటు కాదు. అర్ధరాత్రి దుప్పటి కింద ఫోనులో ఆడే ఆట. అక్కడ పోయినదానికి హద్దు లేదు, లెక్క రాసే కోడలూ లేదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మంచిదే. చట్టంవల్ల ఆట ఆగితే ఆగవచ్చు. మంచి ముక్క చూసి ఒళ్ళు మరిచే గుణం మాత్రం చట్టానికి లొంగదు.

ఎందుకంటే ఆ గుణానికి పేకముక్కలే అక్కర్లేదు. స్థలం ధర పెరుగుతోందని పెళ్ళికి దాచిన డబ్బు పెట్టేవారున్నారు. తెలిసినవాడి వ్యాపారమని ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టేవారున్నారు. వాళ్ళు మూర్ఖులు కారు. అడిగితే వాళ్ళ ముక్కలు నిజంగా మంచివే. పది మందిలో ఆరుగురికి లాభం వస్తుంది కూడా. కాని మధ్యలో కూర్చున్నవాడికి ఆరు చాలదు. వచ్చే లక్షకంటె పోయే లక్ష బరువు. అలాగని ప్రతిదానికీ జడిసి చేతులు ముడుచుకు కూర్చుంటే చుట్టుచుట్టుకూ ఖర్చులు తినేస్తూనే ఉంటాయి, ఏదో ఒక ఆట ఆడక తప్పదు. ఎప్పుడు ఆడాలో ఎప్పుడు కింద పెట్టాలో చెప్పే సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రెండు నిమిషాలూ ఆగి, తల తిప్పి చుట్టూ చూసి, లెక్క కట్టుకోవడమే ఉన్నది.

ఈ సంక్రాంతికి మనవలు ఇండియా వచ్చారు. పెద్దవాడు జంకుతూ నా దగ్గరికి వచ్చి, గాడిదాట ఆడుకోవచ్చా మామ్మా అని అడిగాడు. డబ్బాలో గవ్వలున్నాయి, అష్టాచెమ్మా ఆడుకోమన్నాను. అన్ని విషయాల్లోనూ మారిపోవలసిన అవసరమేమీ లేదు.